మనిషి నీటిలో ఏల తేలును? ఏల మునుగును?

తిరుపతి, చిత్తూరు ప్రాంతములకు వానలు ముఖ్యముగా ఈశాన్య ఋతుపవనముల వలన కలుగును. అక్టోబరు మొదలుకొని డిసెంబరు వరకు ఈ వానలు కురిసి, చెరువులను నింపి, శేషాచలపు కోనలలోని జలపాతములకు ధార నిచ్చును. ఆ వెంటనే చలిదినములు వచ్చును. పులికాటు సరస్సునకు దూరదేశముల నుండి పక్షులు వచ్చి చేరును. బడిపిల్లలు విహారయాత్రలకు బయలుదేరునదియు ఈ దినములలోనే. ఒక జట్టు తలకోనకు పోవును. మరియొక జట్టు పులికాటునకు పోవును. ఇంకొక జట్టు వాకాడు మండలములోని తూపిలిపాలెము కడలితీరమునకు పోవును. ఎచ్చటికిని పోలేనివారికి ఊరి చెరువు ఉండనే యున్నది.

నీటిని చూచిన పిల్లవానికి దిగవలెననిపించుట సహజము. కాని యాత్రకు వెళ్లిన పిల్లలందరును తిరిగిరాని వార్తలను ప్రతి సంవత్సరము వినుచునేయున్నాము. 2021 సంవత్సరములో ప్రపంచమంతటను సుమారు 3 లక్షలమంది నీట మునిగి మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా కట్టినది. ఆ సంవత్సరమే ఐక్యరాజ్యసమితి జూలై 25వ తేదీని నీటిమునకల నివారణ దినముగ నిర్ణయించినది. ఇట్టి మరణములను "సుడి లాగినది", "గంగమ్మ పిలిచినది" అని చెప్పుకొని ఊరకుండుట వాడుక. నిజమునకు వీనిలో చాలభాగమునకు కారణములు ఉన్నత పాఠశాల భౌతికశాస్త్ర పుస్తకములోనే యున్నవి. అవి యేవియో తెలిసికొందము.

గ్రుడ్డు చెప్పు పాఠము

ఒక గాజుపాత్రలో మంచినీరు పోసి అందులో తాజా కోడిగ్రుడ్డును విడిచిన అది అడుగునకు పోవును. ఆ నీటిలో ఉప్పు వేసి కలుపుచుండగా కొంతసేపటికి గ్రుడ్డు పైకి లేచును. గ్రుడ్డు మారలేదు; మారినది నీటి సాంద్రత. వస్తువు తాను తొలగించిన నీటి బరువుకు సమానమైన బలముతో పైకి నెట్టబడునని ఆర్కిమిడీసు కనుగొనెను. తొలగించిన నీటి బరువు వస్తువు బరువుకంటె తక్కువయైనచో వస్తువు మునుగును, సమానమైనచో తేలును.

మంచినీటి సాంద్రత ఘనపు సెంటీమీటరునకు 1 గ్రాము. సముద్రపు నీటి సాంద్రత సుమారు 1.025 గ్రాములు. మనిషి దేహపు సాంద్రత ఈ రెంటికిని మిక్కిలి దగ్గరగా నుండును. అంతేకాక, అది నిలకడగా నుండదు. నిండుగా గాలి పీల్చినప్పుడు సుమారు 0.98కి దిగును, గాలిని బాగుగా విడిచినప్పుడు సుమారు 1.02కి పెరుగును. ఎముకలు, కండలు హెచ్చుగాగల సన్నని పిల్లవాని సాంద్రత కొంచెము ఎక్కువగాను, క్రొవ్వు హెచ్చుగా గలవాని సాంద్రత కొంచెము తక్కువగాను ఉండును. అనగా మనిషి తేలుటకును మునుగుటకును నడుమనున్న ఎడము ఒక ఊపిరి మాత్రమే.

ఒక లీటరు లెక్క

50 కిలోల బరువుగల బాలుని తీసికొందము. రొమ్ము నిండ గాలి పీల్చినప్పుడు అతని సాంద్రత 0.98 అయినచో, అతని దేహపు పరిమాణము 51 లీటర్లు. తేలుటకు అతడు 50 లీటర్ల నీటిని తొలగించిన చాలును. కనుక మంచినీటిలో అతని దేహములో ఒక లీటరు భాగము మాత్రము నీటిపైన నుండగలదు. సముద్రములో ఈ భాగము సుమారు 2 లీటర్లకు పెరుగును.

మనిషి తల పరిమాణము సుమారు 4 లీటర్లు. ఒక లీటరు మాత్రమే పైన నుండుటకు వీలున్నప్పుడు తల యంతయు పైన నుండుట అసాధ్యము. ఈత రానివాడు నీటిలో పడినప్పుడు చేయు మొదటి పని తలను, మెడను, భుజములను నీటి నుండి పైకెత్త యత్నించుట. రెండవ పని చేతులు పైకెత్తి ఊపుట. ఒక్కొక్క చేయి రెండు లీటర్లకు పైబడిన పరిమాణము కలది. చేయి ఎంత పైకి లేచునో, దానికి సరిగా అంత పరిమాణము మరియొకచోట నీటిలోనికి పోవలెను. ఆ పోవునది ముక్కు, నోరు. మూడవ పని కేకవేయుట. కేకతో ఊపిరితిత్తులలోని గాలి బయటికి పోవును, సాంద్రత 1.02కి చేరును, ఆ బాలుని పరిమాణము 49 లీటర్లకు తగ్గును. ఇప్పుడతడు మంచినీటిలో ఒక కిలో బరువుతో మునుగుచున్న వస్తువు. సహజముగా తోచు ఈ మూడు పనులును అతనికి శత్రువులే.

దీనికి విరుగుడు లెక్కలోనే యున్నది. పైన నుండగల ఆ ఒక లీటరు భాగమును ముఖమునకే కేటాయింపవలెను. అనగా వెల్లకిల పడుకొని, చెవులు నీటిలో మునుగునట్లు తలను వెనుకకు వాల్చి, చేతులను నీటిలోపలనే ప్రక్కలకు చాచి, రొమ్ము నిండ గాలి నింపి, కొద్దికొద్దిగా విడుచుచు మరల నింపుకొనవలెను. ఈ భంగిమలో ముక్కును నోరును పైన నుండును. కాళ్లు క్రిందికి దిగినను భయములేదు. ఈత నేర్పువారు అన్నిటికన్న ముందు ఈ తేలుటను నేర్పవలెను.

రాయలసీమ పల్లెలలో మోటబావులయందు పిల్లలకు ఈత నేర్పునప్పుడు నడుమునకు ఎండిన సొరబుర్రలనో, బెండ్లనో కట్టుట పూర్వము వాడుక. ఆ పెద్దలు లెక్క వ్రాసికొనకపోయినను లెక్క సరిగానే వేసిరి. తలను పూర్తిగా పైన నుంచుటకు ఆ బాలునికి కావలసినది మరి 3 లీటర్ల సహాయమే. మూత గట్టిగా బిగించిన 5 లీటర్ల ఖాళీ నూనెడబ్బాను రొమ్మునకు హత్తుకొన్నచో అది సుమారు 5 కిలోల బరువును మోయగలదు. డబ్బా ఒక మనిషి ప్రాణమును నిలుపుటకు చాలునన్న సంగతిని పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

చెరువు: కంటిని మోసగించు లోతు

తేటనీటిలో అడుగు కనబడుచున్నప్పుడు లోతు తక్కువగా తోచును. నీటి వక్రీభవన గుణకము 1.33. అందుచేత నిలువుగా చూచువానికి నీరు నాలుగింట మూడువంతుల లోతు మాత్రమే యున్నట్లు కనబడును. రెండు మీటర్ల మడుగు ఒకటిన్నర మీటరుగా తోచును. ఒడ్డున నిలిచి ఏటవాలుగా చూచిన ఇంకను తక్కువగా కనబడును. "నా మెడవరకే గదా" అని దిగినవాని తలమీదుగా నీరు పోవుటకు ఇదియే కారణము.

చెరువులలో మరియొక చిక్కు కలదు. ఈ సీమలో చెరువులు వేసవిలో ఎండిపోవును. అప్పుడు పొలములకు, ఇటుకలకు, రోడ్లకు మట్టి త్రవ్వి తరలింతురు. ఆ గుంతలు వానకాలములో నీటి క్రింద దాగిపోవును. మోకాటిలోతున నడచుచున్నవాడు తరువాతి అడుగులోనే నిలువులోతున పడవచ్చును. ఒండ్రుమట్టిగల నీటిలో అడుగు కనబడనే కనబడదు. కావున ఏ చెరువులో దిగదలచినను, వేసవిలో దాని అడుగు చూచిన ఊరివారిని అడుగక దిగరాదు.

జలపాతము: వాన ఒకచోట, వరద ఒకచోట

తలకోన జలపాతము ఎత్తు సుమారు 270 అడుగులు, అనగా 82 మీటర్లు. ఇది శ్రీ వేంకటేశ్వర జాతీయ వనములో నున్నది. ఈ కొండలలో గట్టి క్వార్ట్జైటు శిలలు నిలువు గోడలవలె నిలిచియుండుటచే జలపాతములు ఏర్పడినవి. తిరుమల కనుమదారిలో ఈ శిలలు అతిప్రాచీనమైన గ్రానైటుమీద పరచుకొనియున్న హద్దు భూగర్భశాస్త్రజ్ఞులకు సుప్రసిద్ధము.

ధార క్రింద నిలుచుట అందరికి ఇష్టమే. కాని పైనుండి వచ్చునది నీరు మాత్రమే కాదు. 82 మీటర్ల ఎత్తునుండి జారిన చిన్నరాయి సుమారు 4 సెకనులలో క్రిందికి వచ్చును. గాలి నిరోధమును విడిచినచో అప్పటి దాని వేగము సెకనుకు 40 మీటర్లు, అనగా గంటకు 144 కిలోమీటర్లు. ధార సూటిగా పడుచోట నిలువరాదనుటకు ఇంతకన్న వేరే ప్రమాణము అక్కరలేదు.

ధార పడు మడుగులో నురుగు తెల్లగా మరుగుచుండును. ఆ తెలుపు గాలిబుడగల వలన కలిగినది. నీటిలో పదవవంతు గాలి కలిసినచో ఆ మిశ్రమపు సాంద్రత 0.9కి దిగును. 0.98 సాంద్రతగల మనిషి, ఎంత గాలి పీల్చినను, అందులో తేలలేడు. ఈతలో ఆరితేరినవానికిని అచ్చట చేతిక్రింద నీరు పట్టు నీయదు. పైగా దిగిన ధార అడుగును తాకి చుట్టును తిరిగి మరల ధారవైపునకే వచ్చును. వరదయ్యపాళెము దాపున నున్న ఉబ్బలమడుగు వంటి కోనలలో రాళ్ల నడుమ లోతైన మడుగులు వరుసగా నుండును. పాచిపట్టిన రాతిపై కాలు జారినవాడు ఏ మడుగులో పడునో చెప్పలేము.

అన్నిటికన్న మించిన అపాయము ఆకస్మిక వరద. కొండపైన ఒక చదరపు కిలోమీటరు మేర 50 మిల్లీమీటర్ల వాన కురిసెననుకొందము. ఆ నీరు 5 కోట్ల లీటర్లు. క్వార్ట్జైటు కొండలపై మట్టిపొర పలుచన. నీరు ఇంకుట తక్కువ. అందులో పెద్దభాగము స్వల్పకాలములోనే కోనలోనికి వచ్చిచేరును. క్రింద ఎండ కాయుచుండగా పైన కురిసిన వాన వరదయై వచ్చుట అసాధారణము కాదు. 2021 నవంబరులో తిరుమల కొండలపై కురిసిన భారీ వర్షములకు కపిలతీర్థపు జలపాతము భీకరముగా ఉరికినది. తిరుపతి వీధులు నదులైనవి. రాయలచెరువు కట్టకు గండిపడునన్న భయముతో ఆ దిగువ గ్రామములవారిని ఖాళీ చేయించిరి.

పారు నీటి బలము వేగపు వర్గమును అనుసరించి పెరుగును. మోకాటిలోతు నీటిలో నిలిచినవాని కాళ్లపై, సెకనుకు ఒక మీటరు వేగమున నీరు సుమారు 5 కిలోల బరువంత బలముతో నెట్టును. వేగము రెండు మీటర్లయిన అది 20 కిలోలగును. మూడు మీటర్లయిన 45 కిలోలకు చేరును. వేగము మూడింతలైన బలము తొమ్మిదింతలు. కనుక కోనలో నీరు రంగు మారి మట్టిగా వచ్చినను, ఆకులు పుల్లలు కొట్టుకొని వచ్చినను, పైనుండి హోరు హెచ్చినను, చెప్పులకొరకు సంచులకొరకు ఆగక వెంటనే గట్టు ఎక్కవలెను.

పులికాటు: లోతులేని సరస్సులో అపాయమేల?

పులికాటు భారతదేశమున చిలికా తరువాత రెండవ పెద్ద ఉప్పునీటి కయ్య. శ్రీహరికోట ద్వీపము దీనిని బంగాళాఖాతము నుండి వేరుచేయుచున్నది. కాళంగి, ఆరణి మొదలగు ఏరులు దీనికి మంచినీటి నిచ్చును. సముద్రము తన ముఖద్వారముల గుండ ఉప్పునీటి నిచ్చును. అందుచే వానకాలములో ఉప్పదనము తగ్గును. వేసవిలో కొన్నిచోట్ల సముద్రమును మించును. లోతు సగటున సుమారు ఒక మీటరే. సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు పోవు రోడ్డు ఈ సరస్సు నడుమగా సాగును. దాని కిరుప్రక్కల రాజహంసలు నీటిలో నిలిచి మేయుట చూచుటకు జనులు తరలివత్తురు.

ఇంత లోతులేని సరస్సులోనే 2011 డిసెంబరు 25వ తేదీన తమిళనాడు భాగమున పడవ బోల్తాపడి 22 మంది విహారయాత్రికులు మరణించిరి. సగటు లోతు ఒక మీటరనిన అంతటను ఒక మీటరని అర్థము కాదు. ముఖద్వారముల దాపున కాలువలు లోతుగా నుండి, ఆటుపోటుల వెంట నీరు వడిగా పారుచుండును. లోతులేనిచోట అడుగున మెత్తని బురద కలదు. దానిలో దిగబడిన కాలును పైకిలాగ యత్నించిన, కాలిక్రింద ఖాళీ యేర్పడనీయక బురద దానిని పట్టియుంచును.

పడవ బోల్తాపడుటకు కారణము గురుత్వకేంద్రము. పడవ ఒక ప్రక్కకు ఒరిగినప్పుడు ఆ ప్రక్కన హెచ్చు నీరు తొలగును. అచ్చటి ఉత్ప్లవనబలము దానిని తిరిగి నిలబెట్టును. జనులు క్రింద కూర్చున్నంతవరకు ఈ యేర్పాటు చక్కగా పనిచేయును. జనులు లేచి నిలిచినచో గురుత్వకేంద్రము పైకి పోవును. ఫొటోకొరకో, పక్షులను చూచుటకో అందరును ఒక ప్రక్కకు చేరిన, ఆ బరువు పడవను ఒరిగినవైపునకే ఇంకను త్రోయును. నీటిమట్టమున 6 చదరపు మీటర్ల వైశాల్యముగల పడవలో 60 కిలోల మనిషి ఒకడు ఎక్కిన పడవ ఒక సెంటీమీటరు దిగును. పదిమంది అధికముగా ఎక్కిన పది సెంటీమీటర్లు. ఆపైన చిన్న అలయే పడవ అంచు దాటి లోనికి వచ్చును. లోనికి వచ్చిన నీరు పల్లమైన ప్రక్కకే పరుగెత్తును. ఆమీదట పడవను నిలుపుట ఎవరి తరమును కాదు.

కావున పడవ ఎక్కుటకు ముందు చూడవలసినవి మూడు: ఎక్కినవారి సంఖ్య, ప్రతివానికిని తేలు చొక్కా ఉన్నదా లేదా, అది తొడిగి బిగించియున్నదా లేదా. పడవ అడుగున కట్టగట్టి పడవేసిన చొక్కాలు లేనివానితో సమానము.

కడలితీరము: నెమ్మదిగా కనబడు చోటే ప్రమాదము

అల తీరమును సమీపించినకొలది లోతు తగ్గును. లోతు అల ఎత్తునకు సుమారు ఒకటిన్నర రెట్లకు లోపుగా దిగినప్పుడు అల విరిగి తెల్లని నురుగగును. విరిగిన అలలు నీటిని ఒడ్డువైపునకు త్రోసి కుప్పవేయును. ఆ నీరు తిరిగి సముద్రమునకు పోవలెను గదా! ఇసుకతిన్నెల నడుమ లోతైన సందు ఎచ్చట నున్నదో, అచ్చటికి ప్రక్కల నుండి చేరి, ఇరుకైన కాలువవలె లోనికి పరుగెత్తును. దీనిని తిరోగామి ప్రవాహమని చెప్పవచ్చును. దీని వేగము సెకనుకు ఒక మీటరు ఉండవచ్చును. ఒక్కొక్కప్పుడు రెండు మీటర్లను మించును. సాధారణముగా ఈదువాడు సెకనుకు ఒక మీటరు పోవుటయే కష్టము.

ఇచ్చట ప్రకృతి కన్నును మరల మోసగించును. సందు లోతైనది గనుక అచ్చట అలలు విరుగవు. ఇరుప్రక్కల నురుగు ఎగసిపడుచుండగా నడుమ కొంతమేర నీరు నెమ్మదిగా, నల్లగా కనబడును. అలలకు భయపడినవారు పిల్లలను తీసికొని సరిగా అచ్చటనే దిగుదురు.

ఈ ప్రవాహము మనిషిని అడుగునకు లాగదు; లోనికి మాత్రమే తీసికొనిపోవును. అలలు విరుగు వరుస దాటిన పిమ్మట దాని బలము తగ్గును. ఒడ్డువైపునకు ఎదురీదినవాడు అలసి మునుగును. తేలుట తెలిసినవాడు వెల్లకిల తేలి, ఊపిరి నిలుపుకొని, ఒక చేతితో సైగచేయుచు, ప్రవాహము నెమ్మదించువరకు ఓర్చుకొనవలెను. ఈత వచ్చినవాడు తీరమునకు సమాంతరముగా ఈదవలెను. ప్రవాహపు వెడల్పు సాధారణముగా కొలది పదుల మీటర్లే. దానిని దాటినచో ప్రక్కనున్న అలలే ఒడ్డునకు చేర్చును.

బంగాళాఖాతములో వాయుగుండము దూరముగ నున్నను దాని అలలు తీరమునకు రావచ్చును. ఆకాశము నిర్మలముగా నున్నదని సముద్రము శాంతముగా నుండునని తలపరాదు. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము అలల ఎత్తును గూర్చి ముందుగనే సూచనలు వెలువరించుచున్నది. వానిని చూచి యాత్రాదినమును నిర్ణయించుట మంచిది.

ఒడ్డున నున్నవారు చేయవలసినది

మునుగువాడు కేకలు వేయునని చాలమంది తలంతురు. నోరు నీటికి పైన నుండు క్షణములలో అతడు ఊపిరి తీసికొనుటకే చాలడు. కేక వేయుటకు వీలుండదు. మునక నిశ్శబ్దముగా జరుగును. నోరు నీటిమట్టమున నుండి, తల వెనుకకు వాలి, నిచ్చెన ఎక్కుచున్నట్లు చేతులు కదలుచుండిన అది ఆట కాదని తెలిసికొనవలెను.

చూచినవారు వెంటనే నీటిలో దూకరాదు. మునుగువాడు చేతికందిన దానిని పట్టుకొని పైకి ఎక్క యత్నించును, రక్షింపబోయినవాడును మునుగును. ఒకరికొరకు ఒకరుగా అన్నదమ్ములు, స్నేహితులు వరుసగా మరణించుట ఇందువలననే. త్రాడు, చీర, పంచె, పొడవైన కర్ర అందీయవలెను. ఏదియు అందనిచో మూత బిగించిన డబ్బాను విసరవలెను. 112కు గాని 108కి గాని ఫోను చేయవలెను.

ఒడ్డునకు చేర్చినవానిని తలక్రిందులుగా వ్రేలాడదీయుట, గిరగిర త్రిప్పుట, పొట్ట నొక్కుట కూడదు. ప్రాణవాయువు అందనిచో మెదడు 4 నుండి 6 నిమిషములలో చెడిపోవ మొదలిడును. పొట్టలోని నీటిని తీయుటలో ఆ నిమిషములు వ్యర్థమగును. శ్వాస లేనిచో నోటికి నోరు ఆనించి గాలి ఊదుటతో మొదలుపెట్టి, తరువాత ఛాతీ నడుమ నొక్కవలెను. 30 మారులు నొక్కి 2 మారులు ఊదుచు, వైద్యసహాయము వచ్చువరకు ఆపరాదు. ఈ విధానమును తెలిసినవారి వద్ద ముందుగా అభ్యసించుట అవసరము.

యాత్రకు పోవు ఉపాధ్యాయుడు వంటపాత్రలతోపాటు 20 మీటర్ల త్రాటిని, దాని కొనకు కట్టిన 5 లీటర్ల ఖాళీ డబ్బాను తీసికొనిపోవుట భారము కాదు. యాత్రకు ముందు రోజున తరగతిలో గ్రుడ్డును ఉప్పునీటిలో తేల్చి చూపి, 50 కిలోల బాలుని లెక్కను నల్లబల్లపై వేయించిన, విద్యార్థులు ఆర్కిమిడీసు సూత్రమును పరీక్ష ముగిసిన పిమ్మటను మరువరు. మరుసటి దినమున నీటి యొడ్డున నిలిచినప్పుడు వారికి గుర్తుండవలసినది ఒక్కటే: పైన నుండగలది ఒక్క లీటరు, అది చేతులకు కాదు, ముఖమునకు.